ఎడ్మండ్‌ని క్షమించడానికి ఆరు వారాలు: ఒక పిల్లల నవల చదివించిన కేస్ స్టడీ

ఏడో తరగతి పిల్లలు 18 మంది. వారానికి రెండు పీరియడ్ల చొప్పున ఆరు వారాలు. పుస్తకం సి. ఎస్. లూయిస్ రాసిన ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’. 1950లో అచ్చయిన నవల, మొత్తం 17 అధ్యాయాలు. ఇంగ్లిష్‌లో నేను పైకి చదవడం, అర్థం కాని చోట తెలుగులో చెప్పడం, తరవాత అందరం మాట్లాడుకోవడం మా పద్ధతి. ఈ నవలలో వీరత్వం, క్షమ, ప్రకృతి ఎలా కనిపిస్తాయో చివర్లో ఒక్కొక్కరూ ఒక వ్యాసం రాయాలి.

ఆ వ్యాసాన్ని పిల్లల చేత రెండుసార్లు రాయించాల్సి వచ్చింది. మొదటిసారి వచ్చినవి చదివి నాకు నిజంగా దిగులేసింది. రెండోసారి వచ్చినవి ఇప్పటికీ దాచుకున్నాను. మధ్యలో ఏం మారిందో రాసి పెడితే, ఇలాంటి పనే చేస్తున్న టీచర్లకు పనికొస్తుందనుకుంటున్నాను.

కథ గుర్తులేని వాళ్లకు నాలుగు మాటలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, బాంబు దాడులకు భయపడి పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ అనే నలుగురు తోబుట్టువులను లండన్ నుంచి పల్లెలో ఉన్న ఒక ప్రొఫెసర్ ఇంటికి పంపిస్తారు. ఆ ఇంట్లో ఒక బట్టల బీరువా ఉంది. అందులోంచి వెళ్తే నార్నియా అనే లోకం. ముందుగా లూసీ వెళ్లొచ్చి చెబితే ఎవరూ నమ్మరు, తరవాత తానూ చూసొచ్చిన ఎడ్మండ్ కూడా అదేం లేదని అబద్ధం చెబుతాడు. అక్కడ తెల్ల మంత్రగత్తె పాలన. ఎప్పుడూ చలికాలమే, క్రిస్మస్ మాత్రం ఎప్పటికీ రాదు. ఎడ్మండ్ ఆమె పెట్టిన టర్కిష్ డిలైట్ అనే మిఠాయికి లొంగి, తోడబుట్టినవాళ్ల జాడ ఆమెకు చెప్పేస్తాడు. ద్రోహి ప్రాణం తనదే అంటుంది మంత్రగత్తె. అస్లాన్ అనే సింహం అతని బదులు తన ప్రాణం ఇచ్చి, తిరిగి లేస్తుంది. యుద్ధం గెలిచాక నలుగురూ రాజులు, రాణులు అవుతారు.

పట్టిక చేసిన నష్టం

పుస్తకం మొదలుపెట్టిన రోజే బోర్డు మీద మూడు గడులు గీశాను. వీరత్వం, క్షమ, ప్రకృతి. చదువుతూ పోతుంటే ఏది కనిపిస్తే దాన్ని ఆ గడిలో రాసుకోమన్నాను. పద్ధతిగా ఉంటుందనుకున్నాను.

మూడు వారాల్లో పుస్తకం పూర్తయింది. వ్యాసాలు వచ్చాయి. పద్దెనిమిదీ ఒకే వ్యాసంలా ఉన్నాయి. వీరత్వం గడిలో పీటర్ తోడేలును చంపాడు. క్షమ గడిలో అందరూ ఎడ్మండ్‌ని క్షమించారు. ప్రకృతి గడిలో మంచు, చెట్లు, మాట్లాడే జంతువులు. ‘ఈ నవలలో ప్రకృతి అందంగా వర్ణింపబడినది’ అని ఏడుగురు రాశారు. పన్నెండేళ్ల పిల్లలు సొంతంగా రాసే వాక్యం కాదది. ఏమీ తోచనప్పుడు గైడు పుస్తకాల నుంచి చేతికి వచ్చే వాక్యం.

వాళ్లు రాసినవాటిలో తప్పు ఒక్కటీ లేదు. కానీ పుస్తకం చదివిన జాడ కూడా లేదు. గడులు ఇచ్చింది నేను, వాళ్లు గడులు నింపారు. పైగా పట్టిక వల్ల కొన్ని విషయాలు కళ్లెదుటే ఉండీ కనిపించకుండా పోయాయి. ప్రకృతి అంటే మంచిది, అందమైనది అని ముందే అనుకుని రాశారు. కానీ ఈ నవలలో అడవి అంతా మంచివాళ్ల పక్షం కాదు. చెట్లలో కొన్ని మంత్రగత్తె వైపున్నాయి. అవి వింటాయేమో అన్న భయంతో, పిల్లలకు సాయం చేసే బీవర్ అనే నీటి జంతువు గుసగుసగా మాట్లాడుతుంది. మంత్రగత్తె రహస్య పోలీసులకు పెద్ద ఒక తోడేలు. ఇవన్నీ ఏ గడిలో పెట్టాలో తెలియక పిల్లలు వదిలేశారు.

తరవాతి పీరియడ్‌లో బోర్డు తుడిచేశాను. మిగిలిన మూడు వారాలూ ఒక్క మనిషి వెనకే నడుద్దాం అన్నాను. ఎవరి వెనక అని అడిగితే సగం మంది లూసీ పేరు చెప్పారు, కొందరు పీటర్ అన్నారు. ఎడ్మండ్ అని ఒక్కరూ అనలేదు. అందుకే ఎడ్మండ్‌ని తీసుకున్నాం.

11వ అధ్యాయం

ఒక్క అధ్యాయానికి మూడు పీరియడ్లు పట్టాయి. నా అనుభవంలో అంత నిదానంగా ఇంకే అధ్యాయమూ చదవలేదు.

ఎడ్మండ్ మంత్రగత్తె స్లెడ్జిలో, అంటే మంచు మీద జారే బండిలో ఉన్నాడు. మిఠాయి అడిగితే ఎండు రొట్టె, నీళ్లు ఇచ్చారు. ఒంటి మీద కోటు లేదు, మంచు కురుస్తోంది. దారిలో ఒక చెట్టు కింద ఉడుతల కుటుంబం, ఒక ముసలి నక్క, ఇంకొందరు కలిసి క్రిస్మస్ విందు చేసుకుంటున్నారు. ఆ విందు తమకు ఎవరిచ్చారో నిజం చెప్పినందుకు మంత్రగత్తె మంత్రదండం ఎత్తుతుంది. ఎడ్మండ్ వద్దని బతిమాలతాడు. ఆమె వినదు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే రాళ్లవుతారు. ఒకరి చేతిలో ఫోర్కు నోటికి సగం దూరంలోనే ఆగిపోతుంది. సరిగ్గా అక్కడ లూయిస్ ఒక మాట రాస్తాడు: తన మీద తప్ప ఇంకొకరి మీద ఎడ్మండ్‌కు జాలి కలగడం ఈ కథలో ఇదే మొదటిసారి అని.

బండి మళ్లీ కదులుతుంది. కాసేపటికి మంచు తడితడిగా అవుతుంది, చలి తగ్గుతుంది, బండి కుదుపులు మొదలవుతాయి. ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. అది విని, ఎందుకో తెలియకుండానే ఎడ్మండ్ గుండె ఎగిరి గంతేస్తుంది. ఇక బండి కదలదు. చేతులు వెనక్కి కట్టేసి అతన్ని నడిపిస్తారు. ఆ నడకలో ఒక చెట్టు మొదట్లో బంగారు రంగువి, ఊదావి, తెల్లవి క్రోకస్ పూలు కనిపిస్తాయి. ఒక పక్షి కూస్తుంది, ఇంకొకటి బదులు పలుకుతుంది. చివరికి మంత్రగత్తె దగ్గరుండే మరుగుజ్జే ఆగి అంటాడు, ఇది మంచు కరగడం కాదు, వసంతం అని.

ఇక్కడ నేనేమీ వివరించలేదు. ఈ రెండు పేజీలనూ తెలుగులో ఎవరికి వచ్చినట్టు వాళ్లు చెప్పండి అన్నాను. ఒక అబ్బాయి చెబుతూ చెబుతూ, ‘‘ఉడుతల్ని చూసి ఎడ్మండ్ మనసు కరిగింది, తరవాత మంచు కూడా కరిగింది’’ అని ఆగిపోయాడు. తను అన్న మాట తనకే అప్పుడు వినిపించినట్టుంది. క్లాసు కూడా నిశ్శబ్దమైపోయింది.

ఇంగ్లిష్ మూలంలో ఆ రెండు చోట్లా ఒకే మాట లేదు. మన భాషలో జాలికీ మంచుకూ ఒకటే క్రియ. గుండె రాయి చేసుకున్నాడంటాం, మనసు కరిగిందంటాం. ఈ నవలలో మంత్రగత్తె చేసే రెండు పనులూ అవే. లోకాన్ని గడ్డకట్టిస్తుంది, ప్రాణుల్ని రాళ్లు చేస్తుంది. తెలుగులో ఆలోచించే పిల్లవాడికి ప్రకృతీ మనసూ వేరువేరు గడులుగా కనిపించాల్సిన అవసరమే లేదని నాకు ఆ రోజు అర్థమైంది. వాటిని విడదీసింది నా పట్టికే.

వెంటనే ఒక అమ్మాయి అడ్డుపడింది. ‘‘టీచర్, మంచు ఎడ్మండ్ వల్ల కరగలేదు కదా. సింహం దగ్గరికి వస్తోంది కాబట్టి కరిగింది. అంతకు ముందు అధ్యాయంలోనే క్రిస్మస్ తాత కూడా వచ్చేశాడు.’’ ఆమె చెప్పింది నిజం. మంత్రగత్తె పట్టు సడలుతోందని పదో అధ్యాయంలోనే తెలిసిపోతుంది. ఆ అబ్బాయి వాక్యం నాకు ఎంత నచ్చినా, దాన్ని సరిచేసుకోక తప్పలేదు. అప్పుడు ప్రశ్న మార్చాను: వసంతాన్ని రచయిత ముందుగా ఎవరి కళ్లతో చూపించాడు?

పేజీలు తిరగేశారు. మిగతా ముగ్గురు పిల్లలూ బీవర్లతో కలిసి అదే వసంతంలో నడుస్తారు, కానీ అది 12వ అధ్యాయంలో. నార్నియాలో మొదటి పూలు మనకు కనబడేది చేతులు కట్టేసిన ద్రోహి కళ్లతో. మంచివాళ్లకు బహుమతిగా ముందు వాళ్లకే చూపించవచ్చు. లూయిస్ అలా చేయలేదు. ఈ ఒక్క విషయం పట్టుకున్నాక క్లాసు స్వభావమే మారిపోయింది. పిల్లలు గడులు వదిలి, ఏది ముందు వస్తోంది, ఏది తరవాత వస్తోంది అని చూడటం మొదలుపెట్టారు.

రాళ్ల గురించి మాట్లాడుతుండగా ఎవరో ‘అహల్య’ అన్నారు. నేను ఎదురుచూడని మాట, కానీ మంచి మాట. మనకు తెలిసిన కథలో తప్పు జరిగింది కాబట్టి శాపం, శాపం వల్ల రాయి, రాముడి పాదం సోకి విముక్తి. ఇక్కడ రాళ్లయినవాళ్లు ఏ తప్పూ చేయనివాళ్లు. తప్పు చేసిన ఎడ్మండ్ మాత్రం రాయి కాలేదు. మొదటిసారి కలిసినప్పుడే మంత్రగత్తె అతని మీద దండం ఎత్తి, ఏదో ఆలోచన వచ్చి దించుతుంది. రాయి కాని మనిషే మారాలి, ఆ మార్పు కష్టం తనే పడాలి. రాళ్లయినవాళ్ల మీద అస్లాన్ ఊపిరి ఊదితే చాలు. కాగితం అంచుకు మంట అంటుకుని పాకినట్టు, రాతి సింహం ఒంటి మీద బంగారు రంగు పాకుతుందని రాస్తాడు లూయిస్. ఎడ్మండ్‌కు అలాంటి ఊపిరి ఏదీ లేదు. అతనికి ఉన్నది ఒక సంభాషణ, అది కూడా మనకు వినపడదు.

‘పర్లేదు’ అంటే ఏమిటి

13వ అధ్యాయం. ఎడ్మండ్‌ని విడిపించి తీసుకొస్తారు. తెల్లవారి అస్లాన్, ఎడ్మండ్ ఇద్దరే మంచు బిందువులతో తడిసిన గడ్డిలో నడుస్తూ మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినలేదు, చెప్పాల్సిన పనీ లేదు, కానీ ఎడ్మండ్ దాన్ని ఎన్నడూ మరిచిపోలేదు అంటాడు రచయిత. తరవాత సింహం అతన్ని తీసుకొచ్చి, ఇదిగో మీ తమ్ముడు, జరిగిపోయినదాని గురించి అతనితో మాట్లాడనవసరం లేదు అంటుంది. ఎడ్మండ్ ఒక్కొక్కరికీ చేయి కలిపి సారీ చెబుతాడు. ఒక్కొక్కరూ పర్లేదు అంటారు. ఆ తరవాత ఏదైనా మామూలు మాట మాట్లాడి, మళ్లీ అందరం ఒకటే అని చూపించాలని ఉంటుంది అందరికీ. ఎవరికీ ఏమీ తోచదు.

ఇక్కడ క్లాసులో పెద్ద గొడవైంది. ప్రాణాలు పోయే పరిస్థితి తెచ్చినవాడికి ‘పర్లేదు’ సరిపోతుందా? ఒక అమ్మాయి కోపంగానే అంది, ‘‘లూసీ మీద అబద్ధం చెప్పాడు, అందరి ముందూ ఏడిపించాడు. ఆమెకు విడిగా సారీ చెప్పాలి కదా, లైన్లో నిలబెట్టి చెప్పినట్టు చెబితే ఎలా?’’ ఆ ప్రశ్న న్యాయమైనదే. నార్నియా నిజంగానే ఉందని తెలిశాక పీటర్ లూసీకి నేరుగా క్షమాపణ చెప్పి చేయి చాస్తాడు. లూసీని మంత్రగత్తెకు అప్పగించాలనుకున్న టమ్నస్ (మేక కాళ్లున్న నార్నియా వాసి) కూడా ఏడుస్తూ తనను క్షమించమని లూసీని అడుగుతాడు. ఎడ్మండ్ లూసీకి విడిగా అలా చెప్పినట్టు పుస్తకంలో లేదు.

నేను తీర్పు చెప్పలేదు. ‘పర్లేదు’ని మనం ఎప్పుడెప్పుడు వాడతామో రాయమన్నాను. నొప్పి లేదు అనడానికి. నొప్పి ఉంది కానీ నీకు చెప్పను అనడానికి. ఇక ఆ విషయం ఎత్తొద్దు అనడానికి. నిజంగానే మరిచిపోయాను అనడానికి. ఒకే మాటకు ఇన్ని అర్థాలున్నాయని బోర్డు మీద చూశాక, ఆ సన్నివేశంలో నలుగురి మధ్యా ఏర్పడిన ఇబ్బందికరమైన మౌనం వాళ్లకు అర్థమైంది. క్షమ అక్కడ పూర్తి కాలేదు. మొదలైంది అంతే.

ఇంకో చిన్న చోటు కూడా చూపించాను. నా దృష్టిలో ఈ నవల మొత్తంలో చాలా నిజాయితీ ఉన్న చోటు అది. ఎడ్మండ్ ఇంకా మంత్రగత్తె దగ్గరే ఉన్నప్పుడు, అతను ద్రోహం చేశాడని అస్లాన్‌కు చెబుతారు. పీటర్ దానికి ఒక మాట కలుపుతాడు: అందులో కొంత తప్పు నాది, నేను కోప్పడ్డాను, వాడు దారి తప్పడానికి అది కూడా కారణమైంది. అస్లాన్ పీటర్‌ను తప్పుపట్టదు, పర్లేదు అనీ అనదు. ఊరికే చూస్తుంది. మొదటి వ్యాసాల్లో ఒక్కరు కూడా ఈ సంగతి రాయలేదు. పెద్ద క్షమ సన్నివేశానికి ముందే ఈ చిన్న ఒప్పుకోలు వచ్చింది కాబట్టే, పీటర్ తరవాత చెప్పిన ‘పర్లేదు’కు బరువు ఉంది.

ఎవరు వీరులు

వీరత్వం దగ్గరికి చివర్లో వచ్చాం, అదే మేలైంది. అంతకు ముందు తోడేలును చంపడం ఒక ఫైటింగ్ సీన్. ఇప్పుడు మళ్లీ చదివితే వేరే వాక్యం కనిపించింది. పీటర్‌కు ధైర్యంగా ఏమీ అనిపించలేదు, వాంతి అయ్యేలా ఉంది. అయినా చేయాల్సిన పనిలో దానివల్ల మార్పేమీ లేదు. పోరాటం అయ్యాక పీటర్, సూసన్ ఇద్దరూ వణుకుతూ ఏడుస్తారు. అస్లాన్ పీటర్‌తో అనే మొదటి మాట మెచ్చుకోలు కాదు, నీ కత్తి తుడుచుకోవడం మరిచిపోయావు అని. లూయిస్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. 1917లో తన 19వ పుట్టినరోజున ఫ్రాన్స్‌లో కందకాల్లోకి చేరాడు, 1918 ఏప్రిల్‌లో గాయపడ్డాడు. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పిల్లవాడు ‘‘అందుకే వాంతి అని రాశాడు’’ అన్నాడు. అందుకేనని నేను రుజువు చేయలేను. కానీ యుద్ధం చూసిన మనిషి రాసిన వాక్యమని నాకూ అనిపిస్తుంది.

పట్టాభిషేకం తరవాత నలుగురికీ వచ్చే బిరుదులు చూడమన్నాను. పీటర్ మహనీయుడు. సూసన్ సౌమ్యురాలు. ఎడ్మండ్ న్యాయశీలుడు. వీరురాలు అన్న బిరుదు లూసీది. తోడేలును చంపినవాడిది కాదు, అందరికంటే చిన్నదానిది. ఎందుకు అని అడిగితే ‘‘ఎవరూ నమ్మకపోయినా చూసింది చూడలేదని అనలేదు కదా టీచర్’’ అని జవాబొచ్చింది. దానికి నేను కలపాల్సింది ఏమీ లేకపోయింది.

ఒక లోపం గురించి కూడా చెప్పాలి. క్రిస్మస్ తాత ఆయుధాలు పంచేటప్పుడు ఆడపిల్లలు యుద్ధంలో ఉండకూడదన్నట్టు మాట్లాడతాడు. అమ్మాయిలకు అది నచ్చలేదు, నాకూ నచ్చదు. అప్పటి కాలమే అంత అని దాటేయకుండా, ఆ మాట ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ముందుకెళ్లాం.

ఇక 17వ అధ్యాయం. మంత్రగత్తె అస్లాన్ పక్షంవాళ్లను ఎడాపెడా రాళ్లు చేస్తోంది. అందరూ ఆమె మీదికి దూకి రాళ్లవుతున్నారు. ఎడ్మండ్ ముగ్గురు రాక్షసులను దాటుకుంటూ వెళ్లి, ఆమెను కాకుండా ఆమె మంత్రదండాన్ని నరుకుతాడు. యుద్ధం మలుపు తిరిగింది అక్కడే.

‘‘ఆ ఆలోచన అతనికే ఎందుకు వచ్చింది?’’ అన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని నోరు విప్పని అబ్బాయి ఒకడున్నాడు. వాడు నెమ్మదిగా, ‘‘అతను దగ్గరగా చూశాడు టీచర్. ఉడుతల దగ్గర’’ అన్నాడు.

ఈ మాట పుస్తకంలో ఎక్కడా రాసి లేదు. కానీ పుస్తకమంతా దాన్నే ఆనుకుని ఉంది. ఆ దండం ఏం చేస్తుందో పక్కనే కూర్చుని చూసింది నలుగురిలో ఎడ్మండ్ ఒక్కడే. చూడగలిగింది తను ద్రోహం చేసి అక్కడికి వెళ్లాడు కాబట్టి. అక్కడ జాలిపడి ఏమీ చేయలేకపోయినవాడే, యుద్ధంలో ఏం చేయాలో తెలిసినవాడు అయ్యాడు. తప్పు జరిగిన చోటి నుంచే ఆ తెలివి వచ్చింది.

ఇదంతా అస్లాన్‌కు చెప్పేది ఎవరు? పీటర్. గెలుపంతా ఎడ్మండ్‌దే, వాడు లేకపోతే ఓడిపోయేవాళ్లం అని అన్నే చెబుతాడు. పిల్లలతో కలిసి ఆ పేరా రెండుసార్లు చదివాను. 13వ అధ్యాయంలో ‘పర్లేదు’ అన్నాక తోచని మామూలు మాట, పీటర్ నోటికి ఇక్కడ వచ్చింది. క్షమ పూర్తయింది ఇక్కడే అని నేను నమ్ముతున్నాను. సారీకి జవాబుగా కాదు, మంచి పనికి సాక్ష్యంగా.

రెండో వ్యాసాలు

రెండోసారి పద్దెనిమిదీ వేరువేరుగా వచ్చాయి. పొడవు తగ్గింది. ఒకరు క్రోకస్ పూల గురించి మాత్రమే రాశారు. ఒకరు అస్లాన్‌ను కట్టేసిన తాళ్లు కొరికిన ఎలుకల గురించి రాశారు, అతి చిన్న ప్రాణులు చేసిన వీరకార్యం అని. ఒకమ్మాయి రాజులయ్యాక ఆ నలుగురూ చేసిన పనుల్లో మంచి చెట్లను అనవసరంగా నరకకుండా కాపాడటం కూడా ఉందని పట్టుకుంది. కొన్ని చెట్లు శత్రువుకు గూఢచారులుగా ఉన్న లోకంలో, గెలిచాక చెట్ల మీద పగ తీర్చుకోకుండా కాపాడటమూ క్షమే అని రాసింది. నాకు అప్పటిదాకా తట్టని ఆలోచన అది. ఇద్దరు ముగ్గురు మాత్రం మళ్లీ పాత పద్ధతిలోనే రాశారు. వాళ్లకు ఇంకొంత సమయం ఇవ్వాల్సింది.

అస్లాన్ మరణాన్ని క్రీస్తు కథతో పోల్చి చెప్పాలా అన్నది నాకు మొదటి నుంచీ టెన్షన్‌గానే ఉంది. లూయిస్ విశ్వాసి, ఆ పోలిక కావాలనే వచ్చింది. అయితే ఇది ప్రతీకలు పేర్చిన కథ కాదని, నార్నియా లాంటి లోకం ఒకటి ఉంటే అక్కడ ఏం జరిగేదో ఊహించానని అతనే చెప్పుకున్నాడు. అందుకని ముందు సింహాన్ని సింహంగానే కలవనిచ్చి, ఆ సంగతి చివరి వారంలో చెప్పాను. ముందే చెప్పి ఉంటే ఇంకో గడి తయారయ్యేది.

ఒక్క చోట మాత్రం క్లాసు రెండుగా చీలి అలాగే మిగిలిపోయింది. యుద్ధం అయ్యాక లూసీ సూసన్‌ని గుసగుసగా అడుగుతుంది, అస్లాన్ తన కోసం ఏం చేశాడో ఎడ్మండ్‌కు తెలుసా అని. తెలియదు అంటుంది సూసన్. చెప్పాలి కదా అంటుంది లూసీ. వద్దు, అతను తట్టుకోలేడు, నువ్వే అతని స్థానంలో ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించు అంటుంది అక్క. అయినా తెలియాలి అంటుంది లూసీ. ఇంతలో ఏదో అడ్డు వస్తుంది, మాట తెగిపోతుంది. రచయిత మళ్లీ ఆ మాట ఎత్తడు. తొమ్మిది మంది చెప్పాలన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. వెనక బెంచీ అబ్బాయి చేయి ఎత్తలేదు. బెల్ కొట్టాక బల్ల దగ్గరికి వచ్చి, ‘‘చెప్పొచ్చు టీచర్, కానీ లూసీ చెప్పాలి, ఇంకెవరూ కాదు’’ అని వెళ్లిపోయాడు.